2050 నాటి హైదరాబాద్ తాగునీటి లెక్కను కృష్ణా బేసిన్ లెక్కతో ఎలా కలపాలి?

నిజాంపేట వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా వైపు ఉన్న కొన్ని కాలనీల సంక్షేమ సంఘాలు కలిసి, 2050 నాటికి హైదరాబాద్‌కు ఎంత తాగునీరు కావాలి, అది ఎక్కడి నుంచి రావాలి అన్న విషయంపై ప్రభుత్వానికి ఒక వినతిపత్రం సమర్పించాలని నిర్ణయించాయి. రాసే బాధ్యతను నాకు అప్పగించారు. నేను బ్యాంకు ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి కనుక కూడికలూ తీసివేతలూ నాకు కొత్త కాదు గాని, నీటిపారుదల వ్యవహారాలు మాత్రం పత్రికల్లో చదివినంత వరకే తెలుసు.

నేను వేసుకున్న లెక్క ఇది. ఒక కోటి జనాభాకు తలకు రోజుకు 150 లీటర్ల చొప్పున చూస్తే రోజుకు 150 కోట్ల లీటర్లు, ఏడాదికి 54,750 కోట్ల లీటర్లు కావాలి. ఒక టీఎంసీ అంటే సుమారు 2,832 కోట్ల లీటర్లు కాబట్టి ఇది 19.3 టీఎంసీలకు సమానం. మరోవైపు కృష్ణా పథకం మూడు దశలకు దశకు 5.5 చొప్పున 16.5 టీఎంసీలు, ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి మొదటి దశకు 10 టీఎంసీలు, మొత్తం 26.5 టీఎంసీలు ఇప్పటికే ఉన్నాయి. మంజీరా, సింగూరు, జంట జలాశయాలను (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) నేను కలపనే లేదు. కాగితం మీద 7 టీఎంసీలు మిగులుతున్నాయి, మా వీధిలోకి మాత్రం ప్రతి వేసవిలోనూ ట్యాంకర్లు వస్తూనే ఉన్నాయి. ఈ రెండింటికీ పొంతన ఎలా కుదురుతుందో అర్థం కావడం లేదు.

మరొక సందేహం కూడా ఉంది. కృష్ణా జలాల్లో తెలంగాణ వాటా ఎంతో ట్రైబ్యునల్ ముందు ఇంకా తేలలేదు కదా, అది తేలకుండా 2050 గురించి మాట్లాడటంలో అర్థం ఉందా? విషయం తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.

పాత ఇంజనీరు

నిజాంపేట వాసి గారికి నమస్కారం. మీ కూడికలో దోషం లేదు. అయితే అది సగటు సంవత్సరానికి, ఒక్క చుక్క కూడా కారని గొట్టాలకు వేసిన లెక్క. ప్రణాళిక వేసేవాళ్లు సగటు సంవత్సరాన్ని పక్కన పెట్టి, అన్నిటికంటే చెడ్డ సంవత్సరంతో మొదలు పెట్టాలి.

ముందుగా గొట్టాల సంగతి చూద్దాం. శుద్ధి కేంద్రం నుంచి బయలుదేరిన నీటిలో ఉదాహరణకు 30 శాతం లీకేజీలకూ లెక్కకు అందని కనెక్షన్లకూ పోతుందనుకుంటే, కుళాయి దగ్గర మీ 19.3 టీఎంసీలు అందడానికి అక్కడి నుంచి 27.6 టీఎంసీలు పంపాలి. అదే నష్టాన్ని 15 శాతానికి దించగలిగితే 22.7 టీఎంసీలు సరిపోతాయి. మధ్యలో ఉన్న దాదాపు 5 టీఎంసీల తేడా కృష్ణా పథకంలోని ఒక పూర్తి దశకు దగ్గరగా ఉంది. ఈ శాతాలు నేను ఉదాహరణకు తీసుకున్నవే గనుక, వినతిపత్రంలో జలమండలి (నగర తాగునీటి సంస్థ) వారి తాజా అంకెను అడిగి వాడండి. మీరు చూపించిన 7 టీఎంసీల మిగులు ఎక్కడికి పోతుందో మాత్రం దీనితోనే చాలావరకు తెలిసిపోతుంది. ఇక మిగతాది శివార్లలో పంపిణీ గొట్టాలూ సర్వీసు రిజర్వాయర్లూ జనాభా పెరిగినంత వేగంగా పెరగకపోవడం. నదిలో ఎంత నీరున్నా ఆ కొరతను అది తీర్చదు.

రెండోదీ, నా దృష్టిలో అసలైనదీ నీటి లభ్యత ఎంత నమ్మదగినదన్నది. మన దేశంలో సాగునీటి పథకాన్ని 75 శాతం విశ్వసనీయత మీద, జల విద్యుత్తును 90 శాతం మీద, తాగునీటిని దాదాపు 100 శాతం మీద రూపొందించడం ఆనవాయితీ. రాష్ట్రాల మధ్య కృష్ణా నీటిని పంచిన బచావత్ ట్రైబ్యునల్ 1894–95 నుంచి 1971–72 వరకు 78 సంవత్సరాల ప్రవాహాలను పరిశీలించి, 75 శాతం విశ్వసనీయతతో కృష్ణాలో 2,060 టీఎంసీలు లభిస్తాయని తేల్చింది. దీని అర్థం నాలుగేళ్లలో ఒక ఏడాది అంతకంటే తక్కువే వస్తుందని. ఆ తరువాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ 1961–62 నుంచి 2007–08 వరకు 47 సంవత్సరాలను తీసుకుని, 65 శాతం విశ్వసనీయతకూ, సగటు ప్రవాహానికీ దిగి అదనపు నీటిని పంచింది. రైతు నాలుగేళ్లకోసారి ఒక పంట వదులుకోవడం బాధాకరమే అయినా వ్యవస్థ దానికి అలవాటు పడింది. కోటి మంది ఉన్న నగరం అలా ఒక ఏడాదిని వదులుకోలేదు. అందుచేత ట్రైబ్యునళ్ల అంకెలను పట్టుకుని నగర ప్రణాళిక వేస్తే పునాదిలోనే పొరపాటు జరుగుతుంది.

మూడోది, మీరు దశలను లెక్కపెట్టారు గాని వనరులను లెక్కపెట్టలేదు. కృష్ణా మూడు దశలూ కాగితం మీద మూడైనా, నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి వద్ద ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయానికి చేర్చే ఒకే నీటి మీద బతుకుతున్నాయి. గోదావరి విషయమూ అంతే. రెండో దశలో మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తెచ్చే పనికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. ఆ మల్లన్నసాగర్‌కు నీరు ఎల్లంపల్లి, మిడ్ మానేరు మీదుగానే ఎత్తిపోయాలి. కాబట్టి ఎల్లంపల్లికి ప్రవాహం రాని సంవత్సరంలో మొదటి దశ, రెండో దశ అని విడివిడిగా చెప్పుకోవడంలో పెద్ద ప్రయోజనం లేదు. ఇలా చూస్తే నగరానికి ఉన్నవి నాలుగే వనరులు: సాగర్, ఎల్లంపల్లి, సింగూరు–మంజీరా, జంట జలాశయాలు. 2015–16లో వీటిలో చివరి రెండింటి నుంచీ సరఫరా నిలిచిపోయింది; ఎల్లంపల్లి గొట్టం సరిగ్గా ఆ సమయానికే అందుబాటులోకి రాకపోయి ఉంటే ఆ వేసవి ఎలా గడిచేదో ఊహించుకోవచ్చు.

మీ రెండో సందేహానికి సమాధానం క్లుప్తంగా చెబుతాను. బచావత్ అవార్డు, అంటే ఆ ట్రైబ్యునల్ తీర్పు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన 811 టీఎంసీల్లో 2015 నాటి తాత్కాలిక ఏర్పాటు ప్రకారం తెలంగాణకు 299, ఆంధ్రప్రదేశ్‌కు 512 వచ్చాయి. 2023 అక్టోబరులో కేంద్రం ట్రైబ్యునల్‌కు కొత్త విచారణాంశాలు ఇవ్వడంతో ఈ పంపకం మళ్లీ వాదనల్లో ఉంది. కాని నగరానికి తీసుకునే 16.5 టీఎంసీలు ఆ 299లో ఐదున్నర శాతం మాత్రమే. పైగా గృహ, పురపాలక అవసరాలకు మళ్లించిన నీటిలో 20 శాతాన్ని మాత్రమే వినియోగంగా పరిగణించాలని బచావత్ అవార్డులోనే ఉంది. అలా చూస్తే నగరం ఖాతాలో పడేది 3.3 టీఎంసీలు. వాటా 299 దగ్గర ఆగినా, తెలంగాణ కోరుతున్నట్లు పెరిగినా నగరం తాగే నీరు మారదు. మారేది ఆయకట్టుకు మిగిలే నీరు. కనుక తీర్పు కోసం ఆగకుండా మీరు నిశ్చింతగా రాయవచ్చు.

జనాభా గురించి ఒక్క మాట. 2011 జనగణనలో జీహెచ్ఎంసీ పరిధిలో సుమారు 67 లక్షల మంది ఉన్నారు. ఆ తరువాతి జనగణన అంకెలు ఇంకా చేతికి రాలేదు. అందుకని 2050కి ఒకే అంకెను పట్టుకోకుండా తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు అంచనాలు ఇచ్చి, ఏది నిజమవుతున్నదో ఐదేళ్లకోసారి సరిచూసుకోవాలని రాయండి.

ఆయకట్టు రైతు, నల్లగొండ

పై వివరణ చదివాను. ఇంజనీరు గారు "మారేది ఆయకట్టుకు మిగిలే నీరు" అని ఒక్క వాక్యంలో దాటేసిన చోటనే మేమున్నాం కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది.

అక్కంపల్లి జలాశయంలో పట్టేది ఒకటిన్నర టీఎంసీ. పుట్టంగండి పంపులు ఎత్తిపోసే నీటితోనే మీ నగరమూ, మా ఫ్లోరైడ్ పీడిత గ్రామాల తాగునీటి పథకాలూ, అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కింద ఉన్న మా పొలాలూ బతకాలి. వానలు బాగా కురిసిన ఏడాది ఎవరికీ ఇబ్బంది లేదు. కురవని ఏడాది తాగునీటికి మొదటి ప్రాధాన్యం అంటారు. జాతీయ జల విధానంలోనూ ఆ మాటే ఉంది. తాగేవాడి గ్లాసు లాక్కుని పొలానికి పారించాలని ఏ రైతూ అడగడు. మా అభ్యంతరం, ఆ మాట మాకు ఎప్పుడు చెబుతున్నారన్నదాని మీద.

యాసంగి నార్లు పోసి, దుక్కులు చేసి, ఎరువులు తెచ్చుకున్న తరువాత జనవరిలోనో ఫిబ్రవరిలోనో "తాగునీటి అవసరాల దృష్ట్యా" నీటి విడుదల నిలిపివేస్తే ఆ పెట్టుబడి అంతా మట్టిలోనే కలుస్తుంది. అదే అక్టోబరు ఆఖరుకు సాగర్‌లో నీటిమట్టం చూసి, ఈసారి వరికి నీరు లేదు, ఆరుతడి పంటలకు వారబందీ (వంతులవారీ) పద్ధతిలో ఇన్ని తడులు ఇవ్వగలం అని రాతపూర్వకంగా చెబితే మేము వేరుశనగో మినుములో వేసుకుంటాం, లేదా పొలాన్ని బీడుగా వదులుకుంటాం. టీఎంసీ నీటికి ఆరు వేల ఎకరాల వరి పండుతుందని మా దగ్గర ఇంజనీర్లు సాధారణంగా చెప్పే లెక్క. దాని ప్రకారం నగరానికి మరొక 5.5 టీఎంసీల దశ కావాలంటే 33 వేల ఎకరాల వరి గురించి మాట్లాడుతున్నట్టు. వినతిపత్రంలో నగర అవసరాన్ని ఎంతైనా పెంచి రాసుకోండి గాని, ఆ పెరిగిన నీరు చెడ్డ సంవత్సరంలో ఎవరి పొలం నుంచి వస్తుందో, వారికి ఏ తేదీలోగా చెబుతారో, పరిహారం ఏమిటో కూడా అదే పేజీలో రాయాలని కోరుతున్నాను.

గండిపేట వైపు

ఎల్లంపల్లీ సాగర్‌ల గురించి ఇంత చర్చ జరుగుతుంటే మన గుమ్మం ముందున్న చెరువుల ఊసు ఎవరూ ఎత్తకపోవడం విచారకరం. 1908 మూసీ వరదల తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో రూపుదిద్దుకున్న ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. రెండూ కలిపి దాదాపు 6.9 టీఎంసీలు పట్టే ఈ జలాశయాల నుంచి నీరు వాలు మీదనే నగరానికి చేరుతుంది. వందల మీటర్లు ఎత్తిపోయడానికి కరెంటు ఖర్చు పెట్టనక్కర లేదు. 1996లో 111 జీవో తెచ్చి పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాలను నియంత్రించినది వీటి కోసమే. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరొక జీవో వచ్చింది. ఎగువన వాగులను పూడ్చుకుని, వాన నీరు చెరువుకు రాకుండా చేసుకుని, ఇప్పుడు గోదావరి రెండో దశలో 2.5 టీఎంసీలను దూరం నుంచి ఎత్తిపోసి ఇవే చెరువులు నింపుతామనడం ఏ పద్దులో రాయాలో బ్యాంకు పెద్దాయనే చెప్పాలి.

నిజాంపేట వాసి

అందరికీ ధన్యవాదాలు. గండిపేట మిత్రులు అడిగిన పద్దు నాకు తెలుసు గాని వినతిపత్రంలో ఆ పదం వాడితే ఎవరూ చదవరు. రైతు గారు కోరిన తేదీ, పరిహారం విషయాలను తప్పకుండా చేరుస్తాను. మా సంఘాల్లో సగం మందికి ఊళ్లో పొలాలు ఉన్నాయి కాబట్టి అభ్యంతరం వస్తుందనుకోను.

ఇంజనీరు గారిని మరి రెండు విషయాలు అడగాలి. సాగర్‌లో నీటిమట్టం 510 అడుగులకు పడిపోతే నగరానికి గండమని పత్రికల్లో ప్రతి వేసవిలోనూ చదువుతున్నాం. 312 టీఎంసీల జలాశయంలో 16.5 టీఎంసీలకు కరువు రావడం ఏమిటి? రెండు, అవార్డు ప్రకారం నగరం వాడుకునేది 20 శాతమే అయితే మిగిలిన 80 శాతం నదికి తిరిగి వస్తున్నట్టే కదా, ఆ నీటిని లెక్కలో ఎక్కడ చూపించాలి?

పాత ఇంజనీరు

మొదటి ప్రశ్న చాలా మంచిది, ఎందుకంటే అక్కడ నీటి కొరతకూ, ఉన్న నీరు చేతికి అందకపోవడానికీ తేడా కనిపిస్తుంది. సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు. కాలువలకు నీరివ్వడానికి కనీస మట్టంగా పెట్టుకున్నది 510. ఆ మట్టం దగ్గర కూడా జలాశయంలో 130 టీఎంసీలకు పైగా నీరు ఉంటుంది. కాని పుట్టంగండి పంపులకు అంతకు దిగువ నీరు సులువుగా అందదు గనుక అత్యవసర పంపింగ్ ఏర్పాట్లు చేయవలసి వస్తుంది, 2024 వేసవిలో చేసినట్టు. సుంకిశాల వద్ద లోతు నుంచి నీరు తీసుకునే ఇన్‌టేక్ నిర్మాణాన్ని తలపెట్టింది ఇందుకే. నగరానికి కొత్త వనరు వెతకడం కన్నా, ఉన్న వనరులో దిగువ మట్టం నుంచి తీసుకోగలగడం విశ్వసనీయతను ఎక్కువగా పెంచుతుందని నా అభిప్రాయం. ఆయకట్టుకు ఎలాగూ పారని లోతులోని నీటిని నగరం తీసుకోగలిగితే, పై మట్టంలో ఉన్న నీటి మీద రైతులతో పోటీ కూడా కొంత తగ్గుతుంది.

అయితే ఆ 312 టీఎంసీలు కూడా శాశ్వతం కావు. సాగర్ కట్టినప్పటి సామర్థ్యం 408 టీఎంసీలు. శ్రీశైలం 308 నుంచి 215.8కి దిగింది. ఎగువన తుంగభద్ర కూడా మొదటి 133 నుంచి 105.8కి తగ్గింది. ఇదంతా పూడిక. 2050కి లెక్క వేసేవాళ్లు నేటి సామర్థ్యాన్నే తీసుకోవడం సరికాదు. దీనికి తోడు ఎగువన కర్ణాటకలోని ఆల్మట్టి జలాశయం పూర్తిస్థాయి మట్టాన్ని 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెంచుకోవడానికి బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ అంగీకరించింది. అది అమలైతే ఎగువ జలాశయాలు నిండి, జూరాల దాటి, శ్రీశైలం నిండిన తరువాతే సాగర్‌కు వచ్చే ప్రవాహం చెడ్డ సంవత్సరాల్లో మరింత ఆలస్యమవుతుంది. 2023లో శ్రీశైలం, సాగర్ రెండూ నిండలేదు. ఆలస్యం అన్నది ఏడాది మొత్తం అంకెల్లో కనిపించదు కాబట్టి నెలవారీ లెక్క వేయమని అడగండి.

ఇక తిరుగు జలాల సంగతి. కృష్ణా 16.5, గోదావరి 10 కలిపి 26.5 టీఎంసీల్లో 80 శాతం అంటే 21.2 టీఎంసీలు మురుగునీరై మూసీలోకి చేరాలి. సూర్యాపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు సామర్థ్యానికి ఇది నాలుగు రెట్లకు మించిన నీరు. దారిలో కత్వల (చిన్న ఆనకట్టల) కింద కొంత సాగుకు పోగా, మిగిలినది వాడపల్లి వద్ద కృష్ణాలో కలుస్తుంది. ఇక్కడ ముఖ్యమైన విషయం ఏమిటంటే ఆ కలయిక సాగర్‌కు దిగువన ఉంది. నగరం సాగర్‌కు ఎగువ నీటిని తీసుకుని దిగువన వదులుతోంది, కాబట్టి తిరుగు జలాలు దిగువనున్న పులిచింతల జలాశయానికి వెళతాయి గాని నగరం మళ్లీ తోడుకునే చోటికి రావు. పైగా గోదావరి బేసిన్ నుంచి తెచ్చిన నీరు కూడా ఇలా కృష్ణా బేసిన్‌లో చేరుతోంది. రెండో దశ పూర్తయితే అది మరింత పెరుగుతుంది. అవార్డు భాషలో అది నదికి తిరిగి వచ్చిన నీరే. వలిగొండ దగ్గర ఆ నీటితో పొలం పారించుకునే రైతును అడిగితే మాత్రం వేరే మాట చెబుతాడు. శుద్ధి చేయకుండా వదిలిన నీటిని 80 శాతం పద్దులో జమ కట్టుకునే నైతిక హక్కు నగరానికి లేదన్నది నా వ్యక్తిగత అభిప్రాయం. ట్రైబ్యునల్ ముందు ఇది నిలిచే వాదన కాదని నాకు తెలుసు.

కాబట్టి మీ పత్రంలో శుద్ధి చేసిన మురుగునీటిని ఐదో వనరుగా చూపించండి. తాగడానికి కాదు. భవన నిర్మాణానికి, పరిశ్రమలకు, కార్యాలయ భవనాల ఏసీ కూలింగ్ టవర్లకు, పార్కులకు ఇప్పుడు మంచినీరో బోరు నీరో వాడుతున్న చోట దీన్ని ఇస్తే, ఆ మేరకు సాగర్ మీద భారం తగ్గుతుంది. వర్షాలు లేని ఏడాది కూడా నగరం నీరు వాడినంత కాలం మురుగునీరు వస్తూనే ఉంటుంది గనుక, విశ్వసనీయతలో మిగతా నాలుగు వనరుల కంటే ఇదే మెరుగైనది. అయితే పూర్తిగా నగరంలోనే వాడేస్తే కత్వల కింద రైతులకు నీరు తగ్గుతుంది. అక్కడ ఇప్పుడు ఎంత వాడుతున్నారో ముందు కొలవాలి.

గండిపేట మిత్రులకు నా జవాబు ఒకటే. జంట జలాశయాలను విశ్వసనీయ సరఫరాలో కలపకండి, 2015–16 అనుభవం అందుకు ఒప్పుకోదు. కాని అవి వరదను పట్టడానికి కట్టినవి కూడా అన్నది మరువకూడదు కనుక, వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడాలన్న మీ వాదనకు నీటి సరఫరా అంకెలతో పనిలేకుండానే బలం ఉంది.

పట్టిక ఎలా వేయాలంటే, అడ్డంగా ఐదు వనరులు, నిలువుగా 2002–03, 2015–16, 2023–24 వంటి చెడ్డ సంవత్సరాలు రాసుకుని, ఒక్కో గడిలో ఆ ఏడాది ఆ వనరు నుంచి నిజంగా ఎంత తీసుకోగలిగారో జలమండలినీ నీటిపారుదల శాఖనూ అడిగి నింపండి. రైతు గారు కోరిన అక్టోబరు ఆఖరు తేదీని సాగర్ మట్టంతో ముడిపెట్టి, ఏ మట్టం దగ్గర ఏ కోత మొదలవుతుందో ముందే ప్రకటించాలని అడగండి. ఆ కోతల్లో నగరంలో ఉద్యానవనాలకూ ఈత కొలనులకూ ఇచ్చే నీరు మొదటి వరుసలో ఉండాలి. మూసీ తిరుగు జలాలకు దామరచర్ల వద్ద కేంద్ర జల సంఘం కొలతల కేంద్రం ఉంది, అక్కడి వేసవి నెలల ప్రవాహాలను తీసుకుంటే వాన నీరు పెద్దగా కలవని అంకె దొరుకుతుంది. ముసాయిదా సిద్ధమయ్యాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.